వృద్ధాప్యం, వలస చట్టం, తెలుగు తల్లిదండ్రులు: చిలమత్తూరు ప్రాంతం నేపథ్యంగా ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగువారి విదేశీ వలసపై జరిగిన పరిశోధన తొలుత ఒప్పంద కూలీల చుట్టూ, తరువాత వృత్తి నిపుణుల చుట్టూ సాగింది. ఈ రెండు వర్గాల వెనుక నిలిచిన మూడో వర్గం వృద్ధులది. పిల్లలు స్థిరపడిన దేశంలో శేషజీవితం గడపాలనుకునే తల్లిదండ్రులను వివిధ దేశాల వలస చట్టాలు ఏయే కాలాల్లో ఏ దృష్టితో చూశాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శరీరబలం, బంధుత్వం, ధనం అనే మూడు ప్రమాణాలు వరుసగా ముందుకు వచ్చాయనీ, ఈ క్రమంలో శాశ్వత నివాసం స్థానంలో దీర్ఘకాల సందర్శన బలపడుతున్నదనీ ప్రతిపాదిస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు ప్రాంతపు సామాజిక పరిస్థితులను ఇందుకు నేపథ్యంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: వృద్ధుల వలస, తల్లిదండ్రుల వీసా, చిలమత్తూరు, రాయలసీమ, ప్రభుత్వ భారం, సూపర్ వీసా, కువైట్, ఓసీఐ.

1. ఉపోద్ఘాతం

చిలమత్తూరు ఆంధ్రప్రదేశ్ దక్షిణపు అంచున, కర్ణాటక సరిహద్దుకు ఆనుకొని ఉన్న మండల కేంద్రం. ఈ ప్రాంతం 1882లో బళ్లారి నుంచి విడివడిన అనంతపురం జిల్లాలో భాగంగా ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. మండలంలోని కొడికొండ వద్ద హైదరాబాదు–బెంగళూరు జాతీయ రహదారి రాష్ట్రం దాటుతుంది. 2008 మేలో దేవనహళ్లి వద్ద అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమయ్యాక, ఈ ప్రాంత గ్రామాలకు విదేశీ విమానం రెండు గంటల లోపు దూరానికి వచ్చింది.

రాయలసీమ వాడుకలో ‘వలస’ అనగానే కరువు గుర్తుకొస్తుంది. వేరుశనగ పంట ఎండిపోయిన ఏడు బెంగళూరుకో కేరళకో పనికి పోవడం ఆ మాటకున్న తొలి అర్థం. అటువంటి వలసలో ఇంటి కాపలాకు, పశువుల పోషణకు, పసిపిల్లల సంరక్షణకు మిగిలేది ముసలివారే. పిల్లల చదువు, ఉద్యోగం విదేశాలకు విస్తరించిన తరువాతనూ ఈ ఏర్పాటు చాలా వరకు అలాగే కొనసాగింది. కరువు వలసలో కొడుకు ఉగాదికో వానలకో తిరిగి వచ్చేవాడు. విదేశీ వలసలో రాకపోకలు సెలవులపైనా, వీసాపైనా ఆధారపడతాయి. తల్లిదండ్రులే అక్కడికి వెళ్లాలంటే, ఆ నిర్ణయం కుటుంబం చేతిలో మాత్రమే లేదు. అది ఎవరి చేతుల్లో ఉంది, ఎప్పటి నుంచి ఉంది అన్నది ఈ వ్యాసానికి మూలప్రశ్న.

2. వలస పాలనాకాలం: శరీరమే అర్హత

1834లో మారిషస్‌కు మొదలైన ఒప్పంద కూలీ వ్యవస్థలో తెలుగువారి పాత్ర సుపరిచితం. 1843లో ‘కోరింగ ప్యాకెట్’ ఓడ తెలుగు కూలీలను మారిషస్ చేర్చింది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ‘ట్రూరో’ ఓడలోనూ తెలుగువారు ఉన్నారు. ఫిజీకి మద్రాసు రేవు నుంచి ప్రయాణాలు 1903లో మొదలయ్యాయి. ఈ వలసల్లో విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల వారు ఎక్కువగా కనిపిస్తారు.

ఈ వ్యవస్థలో వయసు పాత్ర స్పష్టం. రేవు డిపోలో వైద్యుడు చూసేది చెరకు తోటలో ఐదేళ్లు పనిచేయగల దేహం. ముసలి తల్లికి ఆ ఓడలో స్థానం లేదు. ఫిజీలో ఐదేళ్ల గిర్మిట్ ముగిశాక మరో ఐదేళ్లు ఉంటే తిరుగు ప్రయాణం ఉచితం. అంటే శ్రమకు తగ్గ వయసు దాటకముందే కూలీని వెనక్కు పంపే వీలు ఒప్పందంలోనే ఉంది. నేటాల్‌లో 1895 చట్టం ఒప్పందం ముగించుకుని అక్కడే ఉండిపోయినవారిపై ఏటా మూడు పౌండ్ల పన్ను విధించింది. 1914లో అది రద్దయింది. 1927 కేప్‌టౌన్ ఒడంబడిక దక్షిణాఫ్రికాలోని భారతీయులకు నగదు ఇచ్చి స్వదేశానికి పంపే పథకాన్ని నడిపింది. కూలీగా యువకుడిని ఆహ్వానించిన ప్రభుత్వాలే స్థిరనివాసిగా అతడు వృద్ధుడు కావడాన్ని ఇష్టపడలేదని ఈ మూడు ఏర్పాట్లూ తెలుపుతాయి.

బర్మా వలస తీరు వేరు. అక్కడికి వెళ్లడానికి ఒప్పందం అవసరం లేదు. మేస్త్రీ ఇచ్చిన బయానా, ఓడ టికెట్టు చాలు. అయినా రంగూన్ రేవులో మూటలు మోసిన ‘కోరంగీ’ల వలస కూడా ప్రధానంగా యువకులదే. 1930 మేలో రంగూన్ రేవు అల్లర్లు, 1942లో జపాన్ దాడి వేళ కాలినడకన సాగిన మహాప్రస్థానం, 1960లలో బర్మా ప్రభుత్వ విధానాల వల్ల జరిగిన తిరుగు వలస ఆ సమాజాన్ని చెదరగొట్టాయి. అక్కడే ముసలివారైన తెలుగువారు వృద్ధాప్యంలో కాందిశీకులుగా స్వదేశం చేరారు. విశాఖపట్నంలోని బర్మా కాందిశీకుల కాలనీలు దానికి గుర్తు. వృద్ధాప్యంలో దేశాంతరం అనే అనుభవం తెలుగువారిలో పెద్ద ఎత్తున మొదట ఇలా తిరుగుదారిలోనే కలిగింది.

3. అమెరికా చట్టాల్లో తల్లిదండ్రులు: 1882–1965

అనంతపురం జిల్లా ఏర్పడిన 1882లోనే అమెరికాలో ఒక వలస చట్టం వచ్చింది. ‘ప్రభుత్వ భారం కాకుండా తనను తాను పోషించుకోలేని’ వ్యక్తిని ఓడ దిగనివ్వరాదని అది నిర్దేశించింది. వృద్ధుల వలసను నేటికీ అడ్డగించే భావనకు ఈ ‘ప్రభుత్వ భారం’ అనే మాటే మూలం. చట్టం వృద్ధాప్యాన్ని పేరెత్తి నిషేధించలేదు. పోషణ శక్తిని ప్రశ్నించడం ద్వారా దాన్ని పరోక్షంగా తూచింది.

1917 చట్టంలో దీనికి భిన్నమైన ఒక చిన్న నిబంధన ఉంది. పదహారేళ్లు దాటిన వలసదారులకు చదవడం రావాలని ఆ చట్టం కోరింది. కాని అర్హుడైన వలసదారు యాభై ఐదేళ్లు దాటిన తన తండ్రిని, తాతను, అలాగే తల్లిని, అవ్వను చదువు రాకపోయినా తీసుకురావచ్చని మినహాయించింది. వృద్ధులను బంధువులుగా గుర్తించి చోటు ఇచ్చిన తొలి నిబంధనల్లో ఇదొకటి. అయితే అదే చట్టం ఆసియా నిషిద్ధ మండలాన్ని గీసి భారతీయులను దాదాపు పూర్తిగా బయట ఉంచింది. చదువురాని తల్లిని రానిచ్చిన చట్టం, ఆమె భారతీయురాలైతే కొడుకునే రానివ్వలేదు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వార్హత లేదని తేల్చింది. 1924 చట్టం ఆ గోడను మరింత ఎత్తు చేసింది.

ఈ కాలానికి చెందిన ప్రసిద్ధ తెలుగు వ్యక్తి యల్లాప్రగడ సుబ్బారావు. 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరిన ఆయన మళ్లీ స్వదేశం చూడలేదు. అమెరికా పౌరసత్వం పొందకుండానే 1948 ఆగస్టులో మరణించారు. పౌరసత్వానికి దారి లేనంత కాలం తల్లిని రప్పించే ప్రసక్తే లేదు. 1946 జూలై 2న వచ్చిన లూస్–సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వార్హతను, ఏడాదికి 100 వలస వీసాల కోటాను ఇచ్చింది. 1952 చట్టం ప్రతి దేశపు కోటాలో 30 శాతాన్ని పౌరుల తల్లిదండ్రులకు ప్రాధాన్యంగా కేటాయించింది. మొత్తం నూరులో ముప్పై అన్న లెక్క ఆనాటి భారతదేశపు తల్లిదండ్రులందరికీ కలిపి.

4. 1965 తరువాత: బంధుత్వమే అర్హత

1965 అక్టోబరు 3న సంతకమైన హార్ట్–సెల్లర్ చట్టం దేశాలవారీ జాతి కోటాలను తొలగించింది. తెలుగు వైద్యులకు, ఇంజనీర్లకు అమెరికా తలుపు తెరిచింది ఈ చట్టమే. దాని రెండో పార్శ్వంపై చర్చ తక్కువ. 21 ఏళ్లు నిండిన పౌరుని తల్లిదండ్రులను అది ‘సన్నిహిత బంధువులు’గా గుర్తించి సంఖ్యా పరిమితి నుంచి మినహాయించింది. నేడు ఐఆర్–5 అని పిలిచే తల్లిదండ్రుల వలస వీసాకు ఇది పునాది. సంఖ్యా పరిమితి లేదు గనుక సోదరుల వర్గంలో ఉన్నట్టు దశాబ్దాల నిరీక్షణ ఇందులో లేదు. తల్లిదండ్రుల వలసకు సంబంధించి ప్రపంచంలోని ఉదార నిబంధనల్లో ఇదొకటి.

అయితే ఈ ఉదారత ఒక షరతుకు లోబడింది. పిలిచేవారు గ్రీన్‌కార్డుదారు అయితే చాలదు, పౌరులై ఉండాలి. 1970లలో వచ్చిన వైద్యునికి గ్రీన్‌కార్డు త్వరగా దొరికేది, ఆపై ఐదేళ్లకు పౌరసత్వం. 1990 చట్టం రూపొందించిన హెచ్–1బీ మార్గంలో వచ్చిన తరానికి పరిస్థితి మారింది. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించరాదన్న నియమం వల్ల భారతీయుల వరుస పెరిగిపోయింది. ఇరవై ఏడేళ్ల వయసులో వెళ్లిన కొడుకు గ్రీన్‌కార్డు కోసం పదిహేనేళ్లు ఆగి, ఆపై పౌరసత్వానికి ఐదేళ్లు ఆగితే అతనికి 47 నిండుతాయి. అతడు వెళ్లేనాటికి యాభై ఐదేళ్లున్న తల్లి అప్పటికి డెబ్బై ఐదుకు చేరుతుంది. తల్లిదండ్రుల వర్గంలో వరుస లేదన్న మాట కాగితంపై నిజమే. ఆ వరుస కొడుకు జీవితంలోకి మారిందంతే.

ఈ మధ్యకాలంలో తల్లిదండ్రులకు మిగిలేది బీ–2 సందర్శక వీసా. సాధారణంగా పదేళ్ల చెల్లుబాటు, ఒక్కో రాకకు ఆరు నెలల గడువు. కూతురి కాన్పుకు తల్లి, మనవడి సంరక్షణకు అత్తగారు, ఆ తరువాతి ఆరు నెలలకు వియ్యపురాలు అన్న వంతుల పద్ధతి తెలుగు కుటుంబాల్లో ఈ గడువు చుట్టూనే అల్లుకుంది. ప్రవాస తెలుగు కథలో తరచుగా కనిపించే పగటిపూట ఒంటరి ఇల్లు, కారు నడపలేని తండ్రి, తిరుగు ప్రయాణపు తేదీ అనే చిత్రాల వెనుక ఉన్నది కూడా ఈ ఆరు నెలల నిబంధనే. వాటిని తరాల అంతరంగా మాత్రమే చదివితే చట్టం పోషించిన పాత్ర మరుగున పడుతుంది.

5. 1996 మలుపు: పోషణ బాధ్యత కుటుంబానిదే

1990ల మధ్య వరకు చట్టబద్ధంగా వలస వచ్చిన వృద్ధులకు కొన్ని షరతులతో అమెరికా ప్రభుత్వ వృద్ధాప్య సహాయం లభించేది. 1996 ఆగస్టు 22న వచ్చిన సంక్షేమ సంస్కరణ చట్టం పౌరులు కానివారిని ఆ నగదు సహాయం నుంచి, ఆహార కూపన్ల నుంచి తొలగించింది. అప్పటికే సహాయం పొందుతున్నవారికి 1997లో కొంత పునరుద్ధరణ జరిగింది. 1996 సెప్టెంబరులో వచ్చిన వలస సంస్కరణ చట్టం పోషణ ప్రమాణపత్రాన్ని న్యాయస్థానంలో అమలు చేయదగిన ఒప్పందంగా మార్చింది. పిలిచే సంతానం దారిద్ర్యరేఖపై కనీసం 125 శాతం ఆదాయం చూపాలి. తల్లి పౌరురాలు అయ్యేవరకో, నిర్దిష్ట పని కాలం పూర్తిచేసేవరకో, దేశం విడిచేవరకో, మరణించేవరకో ఆ బాధ్యత కొనసాగుతుంది.

అరవై ఐదు దాటి వెళ్లిన వలసదారుకు మెడికేర్ వైద్యబీమా వెంటనే రాదు. ఐదేళ్ల నిరంతర నివాసం తరువాత రుసుము చెల్లించి చేరవచ్చు. వైద్యం అత్యవసరమయ్యే వయసులోనే వైద్యరక్షణ లేని ఐదేళ్లు గడపాలి. చాలామంది తల్లిదండ్రులు గ్రీన్‌కార్డు ఉండీ హిందూపురంలోనో బెంగళూరులోనో వైద్యం చేయించుకోవడానికి ఇదొక కారణం. కాని ఏడాదికి మించి బయట ఉంటే గ్రీన్‌కార్డు నిలుపుకోవడం కష్టం. ఆరు నెలలు మించితే పౌరసత్వానికి లెక్కించే నిరంతర నివాసం తెగిందని భావించే అవకాశం ఉంది. రెండు దేశాల మధ్య ఊగిసలాడే ఈ స్థితిని చట్టమే సృష్టించింది.

పౌరసత్వ పరీక్షలో వృద్ధులకు కొంత సడలింపు ఉంది. యాభై ఐదు నిండి పదిహేనేళ్లు గ్రీన్‌కార్డుతో నివసించినవారు ఆంగ్ల పరీక్ష లేకుండా, దుబాసీ సాయంతో తెలుగులోనే పౌర పరిజ్ఞాన ప్రశ్నలకు జవాబివ్వవచ్చు. అరవై ఐదు నిండి ఇరవై ఏళ్లు నివసించినవారికి ప్రశ్నలూ తగ్గుతాయి. అరవై రెండేళ్లకు వెళ్లిన తల్లికి ఈ మొదటి సడలింపు అందేది డెబ్బై ఏడో ఏట. యాభై ఏళ్ల లోపు వలస వెళ్లి అక్కడే వృద్ధులైనవారిని దృష్టిలో ఉంచుకున్న నిబంధన ఇది. వృద్ధాప్యంలో వెళ్లేవారిని కాదు.

2019 ఆగస్టులో ప్రకటించి 2020 ఫిబ్రవరిలో అమలుచేసిన ప్రభుత్వ భార నిబంధన 61 ఏళ్లు దాటిన వయసునే ప్రతికూల అంశంగా పేర్కొంది. 1882లో పరోక్షంగా ఉన్న భావన ఇక్కడ అంకెగా మారింది. 2021 మార్చిలో ఆ నిబంధనను ఉపసంహరించారు. అయినా వయసు పరిశీలనాంశాల జాబితాలోంచి పూర్తిగా పోలేదు.

6. ధర, గడువు: కామన్వెల్త్ దేశాల మార్గం

ఆస్ట్రేలియా 1980ల చివరి నుంచి ‘కుటుంబ తులనా పరీక్ష’ను పాటిస్తోంది. సంతానంలో కనీసం సగం మంది ఆస్ట్రేలియాలో స్థిరపడి ఉండాలి, లేదా మరే ఒక్క దేశంలో కన్నా అక్కడ ఎక్కువ మంది ఉండాలి. ఒక కొడుకు సిడ్నీలో, ఒకడు డాలస్‌లో, కూతురు బెంగళూరులో ఉన్న తల్లి ఈ పరీక్షలో నెగ్గదు. మూడు దేశాల్లో ఒక్కొక్కరే గనుక ఏదీ ఎక్కువ కాదు, ఒకటి మూడింట సగమూ కాదు. పిల్లలు ఎందరున్నా తల్లి ఎవరి దగ్గర ఉండాలో కుటుంబం తన ఆచారాన్ని బట్టి, మనసును బట్టి తేల్చుకుంటుంది. చట్టం తలలు లెక్కిస్తుంది.

2003లో ఆస్ట్రేలియా ‘చందా చెల్లించే తల్లిదండ్రుల వీసా’ను ప్రవేశపెట్టింది. ఒక్కొక్కరికి చెల్లింపు నేడు సుమారు 48,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. చందా లేని వర్గంలో నిరీక్షణ మూడు దశాబ్దాల వరకు సాగుతుంది. అరవై ఐదేళ్ల దరఖాస్తుదారుకు ఇది తిరస్కారమే. 2023లో వచ్చిన ఆ దేశ వలస వ్యవస్థ సమీక్ష కూడా ఎన్నటికీ రాకపోవచ్చని తెలిసిన వీసాకు దరఖాస్తులు తీసుకోవడం క్రూరమన్న అభిప్రాయాన్ని వెలిబుచ్చింది. 2019 ఏప్రిల్‌లో వచ్చిన 870 సబ్‌క్లాస్ వీసా మూడు లేక ఐదేళ్ల తాత్కాలిక నివాసాన్ని, గరిష్ఠంగా పదేళ్లను అనుమతిస్తుంది. దీనికి తులనా పరీక్ష లేదు, ప్రభుత్వ వైద్య సౌకర్యమూ లేదు, శాశ్వత నివాసానికి దారీ లేదు.

కెనడా 2011 నవంబరులో తల్లిదండ్రుల, తాతఅవ్వల శాశ్వత వలస దరఖాస్తులను నిలిపివేసి, డిసెంబరు 1న సూపర్ వీసాను ప్రారంభించింది. తొలుత ఒక్కో రాకకు రెండేళ్ల నివాసం, 2022 జూలై నుంచి ఐదేళ్లు. కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్యబీమా తప్పనిసరి. 2014లో శాశ్వత వర్గాన్ని తిరిగి తెరిచినప్పుడు సంతానపు పోషణ హామీని పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లకు పెంచారు. 2017 నుంచి లాటరీ పద్ధతి వచ్చింది. తాతను, అవ్వను కూడా బంధువులుగా గుర్తించడం కెనడా విశేషం. అమెరికా చట్టం మనవడికి ఆ హక్కు ఇవ్వదు.

బ్రిటన్ 2012 జూలై 9 నుంచి అత్యంత కఠిన మార్గాన్ని పట్టింది. నిత్యకృత్యాలకు సైతం ఇతరుల సాయం కావలసిన స్థితిలో తల్లి ఉండాలి. ఆ సాయం స్వదేశంలో డబ్బిచ్చినా దొరకదని నిరూపించాలి. ప్రయాణించగలిగినంత ఆరోగ్యం ఉన్న తల్లి అర్హురాలు కాదు, అర్హురాలైన తల్లికి ప్రయాణం కష్టం. 2017లో అప్పీలు న్యాయస్థానం ఈ నియమాలను సమర్థించింది. సొంత ఆదాయం గల విశ్రాంత వ్యక్తులకు ఉన్న ప్రత్యేక మార్గాన్ని బ్రిటన్ అంతకుముందే, 2008లో మూసివేసింది. న్యూజిలాండ్ 2016లో తల్లిదండ్రుల వర్గాన్ని ఆపి, 2022లో పరిమితంగా తెరిచి, 2025 సెప్టెంబరులో ఐదేళ్ల సందర్శక వీసాను చేర్చింది.

ఈ నాలుగు దేశాల క్రమంలో ఒకే దిశ కనిపిస్తుంది. తల్లిదండ్రులను శాశ్వత సభ్యులుగా స్వీకరించడానికి బదులు, బీమా కట్టుకుని వచ్చి గడువు తీరాక వెళ్లే అతిథులుగా స్వీకరించడం. కాని వృద్ధాప్యానికి గడువు తీరడమంటే ఆరోగ్యం మరింత క్షీణించడం. ఐదేళ్ల వీసా ముగిసేసరికి తల్లికి తోడు మొదటికన్నా ఎక్కువ అవసరమవుతుంది. సరిగ్గా అప్పుడే ఆమె తిరిగి వెళ్లాలి.

7. గల్ఫ్: వృద్ధుడైన శ్రామికుడు

రాయలసీమ జిల్లాలకు కువైట్‌తో ఉన్న సంబంధం అమెరికా సంబంధం కన్నా విస్తృతమైనది. అక్కడ ప్రశ్న తల్లిదండ్రులది కాదు, పనిచేస్తూ ముసలివాడైన వలసదారుది. గల్ఫ్ దేశాల కఫాలా విధానంలో నివాసం ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. ఉద్యోగం ముగిస్తే నివాసమూ ముగుస్తుంది. డిగ్రీ లేని, అరవై నిండిన విదేశీయుల పని అనుమతులను పునరుద్ధరించరాదన్న నిర్ణయాన్ని కువైట్ 2021 జనవరి నుంచి అమలుచేసింది. అదే ఏడాది అక్టోబరులో ఆ దేశ న్యాయసలహా విభాగం దాన్ని చెల్లనిదిగా తేల్చింది. 2022లో అదనపు రుసుము, ప్రైవేటు ఆరోగ్యబీమా షరతులతో పునరుద్ధరణను అనుమతించారు. పాతికేళ్లకు పైగా డ్రైవరుగా, వంటమనిషిగా పనిచేసినవారికి ఆ రుసుమే నెలల జీతం. డిగ్రీ ఉన్న వృద్ధునికి లేని అడ్డంకి చదువులేని వృద్ధునికి ఉండటం ఈ నిబంధన వర్గస్వభావాన్ని చూపుతుంది. ఒప్పంద కూలీ కాలపు తర్కమే ఇక్కడ వేరే రూపంలో తిరిగి వచ్చింది.

దీనికి పక్కనే యూఏఈ 2018లో ప్రకటించిన విశ్రాంత నివాస వీసాను ఉంచి చూడాలి. యాభై ఐదు దాటి తగిన పొదుపు, ఆస్తి లేక ఆదాయం చూపినవారికి ఐదేళ్ల నివాసం ఇస్తారు. థాయిలాండ్ యాభై దాటినవారికి, మలేసియా తన ‘రెండో ఇల్లు’ పథకం ద్వారా ఇటువంటి ఏర్పాట్లు చేశాయి. సంతానంతో నిమిత్తం లేకుండా వృద్ధుడిని సొంత పేరుతో స్వీకరించే మార్గాలు ఇవే. వాటి ప్రవేశార్హత బ్యాంకు నిల్వ.

భారత చట్టం కూడా వయసును లెక్కిస్తుంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నిర్దిష్ట దేశాలకు పనికి వెళ్లే, పదో తరగతి చదవనివారు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి ఆ అనుమతి రావాలంటే కనీసం ముప్పై ఏళ్లు నిండాలి. యాభై దాటినవారికి మాత్రం ఏ అనుమతీ అక్కరలేదు. ఆ వయసులో ఎవరూ కూలికి వెళ్లరన్న ఊహ దీని వెనుక ఉంది. కువైట్ అనుభవం ఆ ఊహను సమర్థించదు.

8. పత్రాలు, పేర్లు, భూమి

తల్లిదండ్రుల వీసాకు బంధుత్వాన్ని పత్రంతో రుజువు చేయాలి. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. గ్రామాల్లో నమోదు ఆచారం కావడానికి మరికొంత కాలం పట్టింది. 1970లలో చిలమత్తూరు పరిసర గ్రామాల్లో మంత్రసాని చేతుల్లో పుట్టిన కొడుకు తన తల్లిని పిలవాలంటే, జననం నమోదు కాలేదన్న ధ్రువపత్రం, ఊరి పెద్దల ప్రమాణపత్రాలు, పదో తరగతి సర్టిఫికెట్టు కలిపి సమర్పించాలి. తండ్రిని పిలవాలంటే తల్లిదండ్రుల వివాహ రుజువు కూడా కావాలి. రాష్ట్రంలో వివాహ నమోదును తప్పనిసరి చేసిన చట్టం 2002 నాటిది. 1960లలో పెళ్లయిన దంపతులు అరవై దాటాక తమ పెళ్లిని నమోదు చేసుకోవడం ఈ అవసరం వల్లనే.

పేర్లది మరొక చిక్కు. ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత వచ్చే తెలుగు పద్ధతి పాస్‌పోర్టులోని రెండు గడుల్లో సరిగా ఇమడదు. రేషను కార్డులో పొడి అక్షరం, ఓటరు కార్డులో పూర్తి ఇంటిపేరు, పట్టాదారు పాసుపుస్తకంలో భర్త పేరుతో కలిపిన పేరు ఉన్న ఒకే స్త్రీ వీసా అధికారికి ముగ్గురుగా కనిపించే ప్రమాదం ఉంది. పుట్టింటి ఇంటిపేరు, మెట్టినింటి ఇంటిపేరు రెండూ మోసిన స్త్రీలకే ఈ ఇబ్బంది ఎక్కువ. జీవితమంతా ‘ఫలానావాళ్ల అమ్మ’గా గుర్తింపు పొందిన మనిషి, ఆ అమ్మతనాన్నే చివరికి రుజువు చేయవలసి వస్తుంది.

చట్టం గుర్తించే కుటుంబం చిన్నది. ఐఆర్–5 వీసాలో తల్లితో పాటు ఆమెపై ఆధారపడిన మరో బిడ్డకు అనుబంధ హక్కు లేదు. వితంతువైన కూతురో, వైకల్యం గల కొడుకో ఇంట ఉంటే తల్లి ఒక బిడ్డ కోసం మరొక బిడ్డను విడవాలి. అత్తమామలను కోడలు గాని, అల్లుడు గాని స్వయంగా పిలవలేరు. ఉమ్మడి కుటుంబపు నీడ ఇంకా మిగిలిన పల్లెలకు ఈ విభజన అపరిచితమైనది.

సందర్శక వీసాకు ఇందుకు విరుద్ధమైన రుజువు కావాలి. తిరిగి వస్తామని నమ్మించాలి. అందుకు రైతు చూపగలిగేది పొలం. 2000ల చివరలో లేపాక్షి నాలెడ్జ్ హబ్ కోసం చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో సుమారు 8,844 ఎకరాలను రాష్ట్ర ప్రభుత్వం కేటాయించింది. భూమి పోయిన రైతుకు పోయింది జీవనాధారం మాత్రమే కాదు. ‘ఈ ఊరికి తిరిగి రావడానికి నాకొక కారణం ఉంది’ అని పరాయి అధికారికి చెప్పగల పత్రం కూడా.

9. ఎదురు దిశ: పుట్టపర్తి, ఓసీఐ, 2007 చట్టం

ఇదే జిల్లా మరో దేశాంతర వృద్ధాప్యాన్ని కూడా చూసింది. 1950 నవంబరులో ప్రారంభమైన పుట్టపర్తి ప్రశాంతి నిలయానికి తరువాతి దశాబ్దాల్లో అనేక దేశాల నుంచి భక్తులు వచ్చారు. అక్కడే శేషజీవితం గడపదలచిన విదేశీయులూ ఉన్నారు. విశ్రాంత నివాస వీసా అన్న వర్గం భారతదేశంలో లేదు. దీర్ఘకాలం ఉండేవారు వీసా గడువులను, జిల్లా పోలీసు అధికారి వద్ద విదేశీయుల నమోదును పాటించాలి. 2025 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చిన కొత్త వలస, విదేశీయుల చట్టం 1946 విదేశీయుల చట్టం సహా పాత చట్టాలను ఏకం చేసింది కాని ఈ లోటును పూరించలేదు. చిలమత్తూరు తల్లి పరాయి దేశంలో ఎదుర్కొనే అస్థిరతను పరాయి దేశపు వృద్ధురాలు పుట్టపర్తిలో ఎదుర్కొంటుంది. వృద్ధులను స్వతంత్ర వలసదారులుగా గుర్తించకపోవడం ఏ ఒక్క దేశపు లోపమో కాదు.

విదేశీ పౌరసత్వం స్వీకరించిన తెలుగువారికి ఓసీఐ కార్డు కొంత ఊరట. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే తొలి కార్డులను అందజేశారు. అయితే ఓసీఐదారు వ్యవసాయ భూమిని కొనలేరు. ఉన్నది నిలుపుకోవచ్చు, వారసత్వంగా పొందవచ్చు, అమ్మదలిస్తే భారత్‌లో నివసించే భారత పౌరునికే అమ్మాలి. ఓటు హక్కు ఉండదు. కొడుకు దగ్గర నిశ్చింతగా ఉండటానికి అమెరికా పౌరసత్వం తీసుకున్న రైతు తల్లి తన ఊరిలో సాంకేతికంగా విదేశీయురాలవుతుంది.

ఊరిలోనే ఉండిపోయినవారికి 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం ఉంది. విదేశాల్లోని భారత పౌరులకూ వర్తిస్తుందని ఆ చట్టం మొదటి సెక్షనే చెబుతుంది. రెవెన్యూ డివిజను స్థాయి ట్రిబ్యునల్‌లో, అంటే చిలమత్తూరువారు పెనుకొండలో, దరఖాస్తు చేసుకోవచ్చు. పోషణ భత్యం గరిష్ఠంగా నెలకు 10,000 రూపాయలు. ఇక్కడొక వైరుధ్యం ఉంది. కొడుకు భారత పౌరునిగా ఉన్నంతకాలం ఈ చట్టం అతనికి వర్తిస్తుంది, కాని తల్లిని అమెరికాకు పిలిచే హక్కు అతనికి ఉండదు. విదేశీ పౌరుడైనాక పిలిచే హక్కు వస్తుంది, ఈ చట్టపు పరిధి మాత్రం అతన్ని వదిలేస్తుంది. ఒక చట్టపు బాధ్యత ముగిసే చోట మరో చట్టపు హక్కు మొదలవుతుంది. ఆ హక్కును వాడుకోవడమా మానడమా అన్నది పూర్తిగా కొడుకు ఇష్టం. తల్లికి రెండు వైపులా సొంతంగా అడగగలిగేది తక్కువ.

10. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలకు రావచ్చు.

వలస పాలనాకాలంలో శరీరబలం, 1965 తరువాత బంధుత్వం, 1990ల చివరి నుంచి ధనం వలసార్హతకు ప్రధాన ప్రమాణాలయ్యాయి. ఒకటి రాగానే మరొకటి తొలగలేదు. కువైట్ నిబంధనలో మొదటిది, ఐఆర్–5లో రెండోది, ఆస్ట్రేలియా చందా వీసాలో మూడోది నేడు ఏకకాలంలో పనిచేస్తున్నాయి.

వృద్ధులు దాదాపు ప్రతిచోటా ఎవరో ఒకరి తల్లిగా, తండ్రిగా మాత్రమే చట్టానికి కనిపిస్తారు. సొంత పేరుతో కనిపించేది బ్యాంకు నిల్వ ఉన్నవారే. సంతానం లేనివారికి, సంతానం పిలవనివారికి ఈ చరిత్రలో చోటు లేదు.

శాశ్వత నివాసం నుంచి దీర్ఘ సందర్శన వైపు జరుగుతున్న మార్పు తల్లిదండ్రుల సంరక్షణను అత్యవసర దశలో తిరిగి స్వగ్రామానికి నెడుతుంది. పిల్లలు లేని ఆ ఊరిలో సంరక్షణ ఏర్పాట్లు ఏమున్నాయన్నది వలస చట్టం అడగని ప్రశ్న.

ప్రవాస తెలుగు సాహిత్యంలోని వృద్ధపాత్రల చిత్రణను ఈ చట్టాల కాలక్రమంతో జోడించి చదవవలసి ఉంది. 1996కు ముందు, తరువాత, 2011కు ముందు, తరువాత వచ్చిన కథల్లో తల్లిదండ్రుల రాకపోకలు ఎలా మారాయో పోల్చడం ప్రయోజనకరమైన పరిశోధనాంశం. అలాగే రాయలసీమ గ్రామాల్లో విదేశాలకు వెళ్లి వచ్చిన, వెళ్లలేకపోయిన వృద్ధుల మౌఖిక కథనాల సేకరణ ఆలస్యం చేయరాని పని. ఆ అనుభవాలను సొంత మాటల్లో చెప్పగలవారు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో ఉన్నారు.